గుండెత్తిన చేయి

చంద్రవరం కోటలో సింగప్ప ఆస్థాన మల్లుడు. గొర్రెల కాపరి ఓబులేసు తనకంటే దూరం బల్లెం విసురుతాడని విన్నప్పటినుంచి అతనికి ముద్ద దిగడం లేదు. చివరికి రాజుగారి ఎదుట పోటీ పెట్టించి, ఓడినవాడు ఊరు విడిచిపోవాలన్నాడు.

పోటీ రోజు ఓబులేసు మైదానంలోని రాతిగుండు చూపించి, "ప్రభూ, ఏమైనా చేయమనండి గానీ, విసిరేముందు దాన్ని మాత్రం ఎత్తమనకండి" అని బావురుమన్నాడు.

సింగప్ప కళ్లు మెరిశాయి. "ముందు గుండెత్తాలి, తర్వాతే బల్లెం. ఇద్దరికీ అంతే!" అని రాజుగారిని ఒప్పించాడు.

సింగప్ప గుండెత్తి దించి, ఆ రొప్పుతోనే విసిరాడు. చేతుల అలుపు తీరక బల్లెం దగ్గర్లోనే పడింది. ఓబులేసు గుండెత్తి దించి, అక్కడున్న పెద్దలందరికీ పేరుపేరునా దండాలు పెట్టుకుంటూ వచ్చాడు. మర్యాదకు ఎవరడ్డొస్తారు? అలుపు తీరాక విసిరితే బల్లెం మైదానం దాటిపోయింది.

"గుండెత్తాక కూడా ఇంత దూరం పోయిందే!" అన్నాడు రాజు.

"బరువెత్తి కాసేపాగితే చేతికి కొత్త ఊపొస్తుంది ప్రభూ. మందలో నేను పొట్టేలును ఎత్తి దించాకే విసురుతాను."

"మరి గుండు వద్దని ఏడ్చావెందుకు?"

"కావాలని అడిగితే సింగప్పగారు ఎత్తనిచ్చేవారా ప్రభూ?"