ఇరుమొగాలమ్మ వెలసిన రాతి మిద్దె

సుద్దలకుంటకు వచ్చి గోపురం ఎక్కడని అడిగే భక్తులను చూసి ఊరివారు నవ్వుకుంటారు. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. జొన్నచేల నడుమ ఉన్న పాత రాతి మిద్దే అమ్మవారి కోవెల. మధ్యలో ఇల్లు, ఎడమవైపు పశువుల కొట్టం, కుడివైపు గింజల గది, వెనుక వంటసాల, అన్నీ ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. ఇంటికీ కొట్టానికీ నడుమ గోడలో అడ్డంగా ఇమిడిన పొడవాటి నల్లరాయే అమ్మవారు. ఒక కొస ఇంట్లోకి, రెండో కొస కొట్టంలోకి వచ్చి ఉంటుంది. అందుకే ఆ తల్లిని ఇరుమొగాలమ్మ అంటారు.

పూర్వం ఇక్కడ రామక్క అనే రైతు ఇల్లాలు పూరిపాకలో కాపురముండేది. రాతి ఇల్లు కట్టించుకోవాలని పొరుగూరి నుంచి సుంకన్న అనే రాతిపనివాణ్ణి పిలిపించింది. సుంకన్న పనితనం గొప్పది. ఆ సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు. నడిమి గోడకు ఇంటివైపు రాళ్ళను నున్నగా చెక్కి, సందు కనపడకుండా పేర్చాడు. కొట్టంవైపు మాత్రం, ఎద్దులు చూసి మెచ్చుకోవాలా ఏమిటని, చేతికందిన రాళ్ళు పెట్టి మట్టి మెత్తాడు. రెండు వరుసలనూ కలిపి పట్టే పొడుగు రాయి ఒక్కటీ వేయలేదు. వేస్తే మొరటు కొసలు ఇంట్లోకి వచ్చి నునుపు చెడుతుందని అతని బాధ.

మొదటి వానకు గోడ ఉబ్బి కూలింది. మళ్ళీ అంతే అందంగా కట్టాడు. రెండో వానకు మళ్ళీ కూలింది. పశువులు మేతకు పోయి ఉండబట్టి బతికిపోయాయి. రామక్క పల్లెత్తు మాట అనలేదు. సుంకన్నకు అదే ఎక్కువ గుచ్చుకుంది. తన సుత్తి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

“ఇది నీకాడే పెట్టుకో అక్కా. నాకు పని రాదని తేలిపాయె.”

మధ్యాహ్నం తిండి తినకుండా వేపచెట్టు కింద ఒరిగి, కునుకు తీశాడు. కలలో కొట్టంలోనుంచి ఒక ముసలమ్మ వచ్చింది. జుట్టులో గడ్డిపోచలు, చేతులకు పేడ.

“ఏమి నాయనా, ఇంటిపక్క అద్దం మాదిరి చెక్కితివి, మా పక్క చెత్తరాళ్ళు పోస్తివి. ఒగరి చెయ్యి ఒగరు పట్టుకోకుంటే ఎట్ల నిలబడతాం?” అంది.

మెలకువ రాగానే సుంకన్నకు తన తప్పు తెలిసి సిగ్గు ముంచుకొచ్చింది. సుత్తి అడగడానికి మొహం చెల్లలేదు. అందుకే చెక్కని పొడుగు రాళ్ళనే గోడకు అడ్డంగా వేస్తూ కట్టాడు. అన్నిటికంటే పొడుగుది, వాకిట్లో పశువులు ఒళ్ళు రుద్దుకునే నల్లరాయి. రామక్కను అడిగి, దాన్ని గునపాలతో దొర్లించి గోడ నడుమన ఉంచాడు.

ముసురు పట్టింది. కూలితే తన మీదే కూలాలని, సుంకన్న కొట్టంలో గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఎనిమిది రోజులు ఎడతెరపి లేకుండా కురిసింది. గోడ పిసరంత కదలలేదు. తొమ్మిదో రోజు పొద్దున రామక్క సుత్తికి పసుపు పూసి, బొట్టు పెట్టి తెచ్చింది.

“ఇంద సుంకన్నా, లెయ్. గింజల గది కట్టేదుంది.”

ఆ మాటకు సుంకన్న చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. గింజల గదిని కూడా అతనే కట్టాడు.

కలలో వచ్చిన ముసలమ్మే ఆ పొడుగు రాయిలో అమ్మవారై వెలసిందని ఊరివారి నమ్మకం. నేటికీ అమ్మవారికి కొట్టంవైపు మొగానికే తొలి పూజ. చేసిన పని చెడి మనసు విరిగినవారు తమ పనిముట్టు తెచ్చి, అక్కడ పెట్టి, ఆ పూట పశువులకు మేత వేస్తారు. మరునాటి ఉదయం రామక్క ఇంటి ఆడపడుచు దానికి బొట్టు పెట్టి తిరిగి ఇస్తుంది. నిరుడు పెళ్ళివంట మాడిపోయి, నలుగురిలో మాటపడ్డ ఒక వంటాయన తన గరిటెను ఇక్కడ వదిలిపోదామని వచ్చాడు. ఆడపడుచు దాన్ని అతని చేతిలో పెట్టి, “పూజకొచ్చినోళ్ళు ఆకలి మీదున్నారు, పొయ్యి అంటించు నాయనా” అంది. ఆ రోజు భక్తులందరూ అతని చేతి వంటే తిన్నారు.