గడియారం కాలికి గండపెండేరం

ఈ వృత్తాంతాన్ని నాకు చెప్పినవారు పేర్రాజు పంతులుగారి మనుమలు. వారికి చెప్పినవారు పంతులుగారే. ఆయన అప్పటి దివాను కనుక, రాజుగారి మాటలను కొంత మెత్తపరిచే ఉంటారని నా అనుమానం.

ఒకానొక కొండసీమ సంస్థానాన్ని జగత్తుంగరాజు ఏలుతుండేవారు. తామే నాయకులుగా కావ్యం రచించడం, ఉదయమే సభ తీర్చి దానిని వినిపించడం వారి ముఖ్య రాచకార్యం. సభలో నిలువెత్తు గంటల గడియారం ఒకటి ఉండేది. దాని బాగోగులు చూసేవాడు విరూపాచారి.

ఒకనాడు కావ్యంలో రాజుగారు శత్రువు మీద కత్తి ఎత్తారు. సరిగ్గా అప్పుడే గడియారం పన్నెండు కొట్టింది. కునుకుతున్న సభాసదులు కావ్యం ముగిసిందనుకొని, "శభాష్!" అంటూ లేచి చెప్పుల కోసం బయలుదేరారు.

రాజుగారి ముఖం జేవురించింది.

"ఆచారీ! మేము చదువుతుంటే ఇది నోరెత్తుతుందా? రేపు మా గానం ముగిసేదాకా గంట మోగరాదు, ముల్లు కదలరాదు. కదిలిందా, నీ పనిముట్లు ఏట్లో, నువ్వు పొలిమేర అవతల!"

ఆ పనిముట్లు పోతే విరూపాచారి ఇంట్లో పొయ్యి వెలగదు. దిగాలుగా వెళుతూ వంటశాల ముందు ఆగాడు. గడియారం పన్నెండు కొట్టనిదే వడ్డన కూడదని అక్కడ రాజాజ్ఞ. ఒకసారి తొందరపడి విస్తరి వేసినందుకు వంటల పెద్ద గవరయ్య కొరడాదెబ్బలు తిన్నాడు. అది గుర్తొచ్చి ఆచారి మీసం చాటున నవ్వుకున్నాడు.

మర్నాడు సింహాసనం ముందున్న పాదపీఠానికీ గడియారంలోని లోలకానికీ తాడు కలిపాడు.

"ప్రభూ, పాదం మోపండి. కాలం నిలిచిపోతుంది."

రాజుగారు మోపారు. తొమ్మిది దగ్గర గడియారం ఆగిపోయింది.

"చూశారా పంతులుగారూ! కాలం మా కాలికింద!"

"చిత్తం," అన్నారు దివానుగారు, ఆవలింత మింగుతూ.

రాజుగారు మొదటి సర్గ నుంచి మళ్లీ అందుకున్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది, పడమటికి వాలింది. శత్రువు మీద మళ్లీ కత్తి ఎత్తేసరికి వారి గొంతు ఆకలితో నీరసించింది.

"గవరయ్యా! విస్తళ్లేవిరా?"

"మహాప్రభో, ఇంకా తొమ్మిదే కదండీ!" అన్నాడు గవరయ్య వంటశాల నుంచి పరుగున వచ్చి.

"పొద్దు వాలుతుంటే తొమ్మిదేమిట్రా?"

"పొద్దు మాట వింటే కొరడా పడుద్దండీ. తమరి ఆజ్ఞ గడియారం మీదండీ."

రాజుగారు ఆచారి వైపు నిప్పులు కురిపించారు. "ఏమిటీ అఘాయిత్యం?"

విరూపాచారి చేతులు జోడించాడు. "గడియారం తప్పేమీ లేదు ప్రభూ. తమరు కావ్యం మొదలెట్టాక ఈ సభలో కాలం కదలదన్న సంగతి ఇన్నాళ్లూ మాకే తెలుసు. ఈరోజు దానికీ తెలిసింది."

అంతలో సభంతా వినిపించేలా రాజుగారి కడుపు గుర్రుమని అరిచింది. ముందు వారి పెదవి వణికింది. తరువాత బొజ్జ కదిలింది. చివరికి సింహాసనమే కదిలేలా నవ్వారు.

"పన్నెండు కొట్టించవయ్యా మహానుభావా!"

కవిగా తమ కాలికి తామే తొడుక్కోవాలని చేయించుకున్న బంగారు గండపెండేరాన్ని ఆచారి చేతిలో పెట్టి, రాజుగారు విస్తరి ముందుకు పరుగెత్తారు.

అటుపైన గవరయ్య రాజుగారి ఆకలిని చూసి వడ్డించాడు. పంతులుగారు నిద్రను ఇంటికే పరిమితం చేసుకున్నారు. ఆచారి గండపెండేరాన్ని లోలకానికి తొడిగాడు. పాదపీఠం తాడు మాత్రం విప్పలేదు. రాజుగారు మళ్లీ కావ్యం జోలికి పోలేదు. అందులోని శత్రువు, ఎత్తిన కత్తి కింద, నేటికీ క్షేమంగా ఉన్నాడు.