మూడో దొప్ప

తొలి మామిడికాయలు తినే మామిడి కొత్తల పండుగ వచ్చిందంటే కొండ మీది జంతువులన్నీ వాగొడ్డుకే చేరతాయి. అక్కడ ఎలుగుబంటి గున్నమ్మ దుకాణం ఉంది. కొండకంతటికీ ఇప్పసారా అమ్మే లైసెన్సు ఆవిడ ఒక్కదానికే ఉంది. తూలేవాడికి మళ్ళీ పోస్తే దుకాణం మూయిస్తానని ఏనుగు పెద్దాయన లైసెన్సు ఇచ్చేటప్పుడే చెప్పాడు.

ఆ ఏడు పండుగనాటి మధ్యాహ్నం ఎద్దు బోడెన్న బండి లాక్కుంటూ వచ్చాడు. బండి నిండా కుందేలు పిల్లలు. చీకటి పడకముందే కొండ మలుపుల ఘాటు దారిన వాళ్ళని ఇళ్ళకు చేర్చాలి. పిల్లల్ని చెట్టు నీడన కూర్చోబెట్టి, ఒక్క దొప్ప తాగి వస్తానని లోపలికి వచ్చాడు.

లోపల నక్క సోములు తగులుకున్నాడు. ఎన్నడూ ఎవరికీ మంచినీళ్ళయినా ఇవ్వని సోములు, ఆ రోజు బావా బావా అంటూ రెండో దొప్ప తాగించాడు. మూడోది కూడా పొయ్యమన్నాడు.

గున్నమ్మ కుండ వంచబోయి ఆగింది. బోడెన్న కళ్ళు ఎర్రబడ్డాయి, మాట ముద్దగా వస్తోంది. సోములు దొప్ప మాత్రం పోసింది పోసినట్టే ఉంది. వాడి చూపు సారా మీద లేదు, బయట పిల్లల మీద ఉంది.

"ఇంక పొయ్యను," అంది.

బోడెన్న మొహం చిన్నబోయింది. తానేమీ తూలడం లేదన్నాడు. పండుగ పూట కడుపునిండా పొయ్యలేనిదానికి దుకాణం ఎందుకని సోములు గట్టిగా అడిగాడు. వెనక తోసుకుంటున్నవాళ్ళు కూడా నిజమే కదా అని గొణిగారు. అందరూ లేచి వెళ్ళిపోతారేమోనని గున్నమ్మకి గుబులేసింది. అయినా సారా కుండ కింద పెట్టేసింది.

లోపలికి వెళ్ళి ఇప్పపూలు ఉడికించిన నీళ్ళు దొప్పలో తెచ్చింది. రంగూ వాసనా సారాలాగే ఉన్నాయి. సరే ఇదే ఆఖరుదని పైకి అంటూ బోడెన్న ముందు పెట్టి, నేల తుడుస్తున్నట్టు వంగి వాడి చెవిలో చెప్పింది.

"ఇది సారా కాదు తమ్ముడూ, చప్పుడు చెయ్యకుండా తాగు. సోములు కన్ను నీ బండి మీద ఉంది. ఘాటులో నువ్వు తూలితే ఆ పిల్లలు ఎవరి నోట్లో పడతారో చూసుకో."

బోడెన్న నక్క వైపు చూశాడు, బయట పిల్లల వైపు చూశాడు. సిగ్గుతో తల దించుకుని, దొప్ప ఒక్క గుక్కలో తాగేసి, వెనక పాకలోకి పోయి పడుకున్నాడు. పని అయిపోయిందనుకుని సోములు ఘాటు దారి పట్టాడు.

గున్నమ్మ పిల్లలకి మామిడి ముక్కలు పెట్టి కూర్చోబెట్టింది. మత్తు పూర్తిగా దిగి, వాగు వరకూ తిన్నగా నడిచి చూపించేదాకా బోడెన్నని బండి కట్టనివ్వలేదు.

ఘాటు మలుపులో సోములు పొదలోంచి బండి ముందుకు దూకాడు. తాగిన ఎద్దు బెదిరితే బండి ఒరుగుతుందని వాడి ఆశ. బోడెన్న బెదరలేదు. కాళ్ళు నిలదొక్కుకుని వాణ్ణి కొమ్ములతో ఎత్తి విసిరాడు. సోములు దొర్లుకుంటూ పోయి ముళ్ళ డొంకలో పడ్డాడు.

రాత్రంతా గున్నమ్మకి కునుకు పట్టలేదు. తెల్లారి బోడెన్న ఖాళీ బండితో వచ్చాడు.

"పిల్లలు?" అంది.

"అమ్మల దగ్గర నిద్రపోతున్నారక్కా."

గున్నమ్మ అక్కడే గడపలో కూలబడి గుండెల నిండా గాలి పీల్చుకుంది. కాసేపటికి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

సోములు ఆ వారమంతా ఒంట్లో ముళ్ళు పీక్కుంటూ, మూడు దొప్పలు తాగినవాడు అంత గట్టిగా ఎలా నిలబడ్డాడని అందరినీ అడిగాడు.

నీతి: పొయ్యడానికి లైసెన్సు తీసుకున్నవాళ్ళకి, ఆపడం కూడా పనే.