బల్లకి ఇవతల

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నూకరత్నం మొగుణ్ణి కోరిన కోరికలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆ ఏడాది జనవరిలో ఇంకొకటి కోరింది. పోటీ రోజున తనని చూడ్డానికి రావద్దంది.

"మీరొస్తే నేను నీళ్ళలోకి దిగను," అంది. కోపంగా కూడా అనలేదు. ఇస్త్రీ చేస్తూ, చొక్కా మీంచి తలెత్తకుండా అంది.

ఆ మాట పట్టుకుని ముత్యాలరావు శుక్రవారం పొద్దున్నే కరీముల్లా బాబా దగ్గరికి పరిగెత్తాడు.

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే రోడ్డు మీద, సముద్రానికి ఎదురుగా ఒక చిన్న దర్గా ఉంది. బాబా దాన్ని కనిపెట్టుకుని ఉండే పెద్దాయన. డెబ్భై దాటాయి. తాయెత్తులు కట్టరు, ఉపన్యాసాలు చెప్పరు. శివరాత్రి వెళ్ళిన దగ్గర్నించి వానలు పడేదాకా దర్గా ముందు చలివేంద్రం పెట్టి, దారినపోయేవాళ్ళ దోసిట్లో నీళ్ళు పోస్తారు. ఆయన దగ్గర శిష్యరికం అంటే అదే. పోర్టు ఆఫీసులో గుమస్తాగిరీ చేసే ముత్యాలరావు ఆరు వేసవులుగా, సెలవు దొరికినప్పుడల్లా అక్కడ చెంబు పట్టుకుంటున్నాడు.

ఈ ఆరేళ్ళలో బాబా అతనికి చెప్పింది ఒక్కటే మాట. ముత్యాలరావు నీళ్ళు పోస్తూ ఎదుటి మనిషి మొహంలోకి చూస్తాడు. ఏ ఊరు, ఇంత ఎండలో ఎందుకు బయల్దేరారు, పిల్లలెంతమంది అని అడుగుతాడు. మనసు వెన్న. నీళ్ళు మాత్రం దోసిలి తప్పి ఇద్దరి పాదాల మీదా పడుతుంటాయి. సాయంత్రం బాబా అతని కాళ్ళ వంక చూసి, "తడిశాయి" అంటారు. భుజం మీది తువ్వాలు తీసి తుడుచుకోమని ఇస్తారు.

"ఏటయింది?" అన్నారు బాబా.

ముత్యాలరావు చెప్పుకొచ్చాడు. బాబాకి సగం తెలిసిందే, అయినా అంతా విన్నారు.

రత్నం హైస్కూల్లో డ్రిల్లు టీచరు. నలభై మూడేళ్ళు. ఆవిడ దిగే పోటీ పేరు ట్రయాథ్లాన్. సముద్రంలో రెండు కిలోమీటర్లకి కాస్త తక్కువ ఈత, ఒళ్ళు ఆరకుండానే తొంభై కిలోమీటర్ల సైకిలు, సైకిలు దిగీ దిగగానే ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. పొద్దున్న ఆరున్నరకి మొదలుపెడితే మధ్యాహ్నం మూడింటిలోపు గీత దాటాలి. నిమిషం ఆలస్యమైనా లెక్కలోకి రాదు.

కిందటేడు ఆవిడ పావుగంట ముందే దాటింది. కానీ ఆఖరి రెండు కిలోమీటర్లలో పిక్కలు పట్టేసి కుంటుతూ వచ్చింది. చూస్తూ ఊరుకోవడం ముత్యాలరావు వల్ల కాలేదు. కట్టిన తాడు కింద నుంచి దూరి, ఆవిడ మోచెయ్యి పట్టుకుని, నిమ్మరసం సీసా నోటికందిస్తూ అరకిలోమీటరు పక్కనే పరిగెత్తాడు. "నేనున్నాను రత్నం, నేనున్నాను" అంటూ పరిగెత్తాడు. అతనికి తెలియంది ఏమిటంటే, పోటీలో ఉన్నవాళ్ళని బయటివాళ్ళు ముట్టుకోకూడదు, పక్కన పరిగెత్తకూడదు. దారిలో వేసిన బల్లల దగ్గర తప్ప ఎవరి చేతి నుంచీ గుక్కెడు నీళ్ళు పుచ్చుకోకూడదు. స్కూటరు మీద వచ్చిన అధికారి ఒకాయన జేబులోంచి పెన్ను తీసి ఆవిడ నంబరు రాసుకుపోయాడు. మెడలో వేసిన పతకం పది నిమిషాలు తిరక్కుండా వెనక్కి తీసుకున్నారు.

రత్నం ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ముత్యాలరావు ఏడాది పొడుగునా కుళ్ళిపోయాడు. ఆవిడ మాత్రం ఆ తర్వాతి సోమవారమే తెల్లారకుండా లేచి సైకిలు బయటికి తీసింది.

"చూస్తూ నిలబడ్డం నా వల్ల కాదు బాబా. చూడకుండా ఇంట్లో కూచోడం అంతకంటే కాదు. మీరొక్క మాట చెప్తే రత్నం వింటుంది."

"అక్కడ నీళ్ళిచ్చే వాళ్ళుంటారన్నావు. వాళ్ళెవరు?" అని అడిగారు బాబా.

"వాలంటీర్లు బాబా. రోడ్డు పక్కన బల్లలు వేసుకుని నిలబడతారు."

"ఎవరికిస్తారు?"

"వచ్చినవాళ్ళందరికీ."

"అయితే మన పనే," అన్నారు బాబా. "ఇద్దరి పేర్లూ రాయించు."

దరఖాస్తులో ఈ పనిలో అనుభవం ఎంత అని అడిగారు. బాబా పేరు కింద ముత్యాలరావు ముప్ఫై తొమ్మిదేళ్ళు అని నింపాడు. పొరపాటు పడ్డారేమోనని పోటీ నడిపేవాళ్ళు ఫోన్ చేసి మరీ అడిగారు.

ఈ సంగతి రత్నానికి చెప్పాడు. "బాబా పక్కనుంటే సరే," అంది. "కానీ మీరు బల్లకి ఇవతలే ఉండాలి. ఈసారి కూడా పోతే ఇంక నేను దిగనండీ. మళ్ళీ ఇంత ఓపిక నాకు లేదు."

ఫిబ్రవరిలో రెండో ఆదివారం. వాళ్ళకిచ్చిన బల్ల ఆఖరి గీతకి సరిగ్గా రెండు కిలోమీటర్ల ఇవతల పడింది. కిందటేడు ముత్యాలరావు తాడు కింద దూరిన చోటు అక్కడికి కనబడుతూనే ఉంది. పరుగు అదే దారిలో మూడు చుట్లు. అంటే ప్రతి మనిషీ ఆ బల్ల ముందు నుంచి మూడుసార్లు వెళ్తాడు. లుంగీ మీద నారింజ రంగు టీషర్టు తొడుక్కుని బాబా పెళ్ళికొడుకులా ఉన్నారు. ఇద్దరికీ ఒంటి మీద టీషర్టుతో పాటు నెత్తి మీద పెద్ద అంచున్న టోపీలు కూడా పెట్టారు.

పొద్దుటి నుంచీ ముత్యాలరావు ప్రాణం ఫోన్లోనే ఉంది. ఈత ముగిసిందా, సైకిలెక్కిందా అని క్షణానికోసారి చూస్తున్నాడు. పదకొండింటికి బాబా చెయ్యి చాపారు. ముత్యాలరావు అయిష్టంగానే ఫోన్ ఇచ్చాడు. బాబా దాన్ని మొలలో దోపుకుని, జగ్గుతో కప్పుల్లో నీళ్ళు నింపడం మొదలుపెట్టారు.

ఫోన్ పోయాక అతను మెడ చాచాడు. పరిగెత్తేవాళ్ళు రావడం మొదలైంది. అతను కప్పు చాపుతున్నాడే గాని కళ్ళు మాత్రం దూరంగా రోడ్డు మలుపు మీద ఉన్నాయి. అంతలో ఒక ముసలాయన వచ్చి చెయ్యి పెట్టాడు. ముత్యాలరావు కప్పు వదల్లేదు. వదలాలన్న ధ్యాస లేదు. కాగితం కప్పు ఇద్దరి వేళ్ళ మధ్య నలిగి, నీళ్ళన్నీ ముత్యాలరావు కాళ్ళ మీద పడ్డాయి. ముసలాయన ఆగలేదు. ఖాళీ చెయ్యి అలాగే మూసుకుని వెళ్ళిపోయాడు.

బాబా వచ్చి అతని కాళ్ళ వంక చూశారు. ఈసారి తువ్వాలు తియ్యలేదు. అతని నెత్తి మీది టోపీ అంచు రెండు చేతులతో పట్టుకుని, ముక్కు మీదికి దిగేదాకా లాగారు.

"ఏం కనిపిస్తోంది?"

"బల్ల. కప్పులు." ముత్యాలరావు తడుముకున్నాడు. "చేతులు."

"చాలు," అని బాబా తన చోటికి వెళ్ళిపోయారు.

మొదట్లో ఊపిరాడనట్టయింది. తర్వాత చేతులు రావడం మొదలుపెట్టాయి. మణికట్టు మీద ఉప్పు తెల్లగా కట్టిన చేతులు. వేళ్ళు బయటికుండే సైకిలు గ్లౌజులు విప్పేసినందుకు వేళ్ళు నల్లగా, అరచేతులు పాలిపోయి ఉన్న చేతులు. ఒక మణికట్టు మీద ఎవరో పిల్లలు నీలం పెన్నుతో వాచీ గీశారు, ముళ్ళు మూడు గంటలు చూపిస్తున్నాయి. కొన్ని చేతులు కప్పుని లాక్కున్నాయి, కొన్ని దాని కోసం గాల్లో వెతుక్కున్నాయి. వెతుక్కునే చేతికి తనే అందించడం, అందగానే వదిలెయ్యడం అతనికి మెల్లగా అలవాటైంది. ఆగినవాళ్ళని "ఇంకొంచెం పొయ్యమంటారా అండీ?" అని అడుగుతున్నాడు. చలివేంద్రంలో అందరినీ అడిగే మాటే.

పన్నెండుంబావుకి ఒక ఎడమ చెయ్యి వచ్చింది. దాని చిటికెనవేలు వంకర. రత్నం కాలేజీ రోజుల్లో వాలీబాల్ ఆడుతూ విరగ్గొట్టుకున్న వేలు అది.

సముద్రంలోంచి బయటపడింది. సైకిలు మీంచి క్షేమంగా దిగింది. చెయ్యి నిబ్బరంగా కప్పు అందుకుని వెళ్ళిపోయింది. అతను టోపీ ఎత్తబోయాడు. ఎదురుగా ఇంకో చెయ్యి వచ్చి నిలబడింది. దానికి నీళ్ళివ్వాల్సి వచ్చింది.

రెండోసారి వచ్చేసరికి ఒంటిగంటంబావు అయింది. ఆ చెయ్యి ఒక్క కప్పుతో సరిపెట్టుకోలేదు. రెండు కప్పులు తీసుకుంది.

ఆ తర్వాత చేతులు పలచబడ్డాయి. ఎండ నెత్తిన కూచుంది. ఎక్కణ్ణించో స్కూటరు వచ్చి బల్ల పక్కనే ఆగింది. టోపీ కింద నుంచి ముత్యాలరావుకి ముందు చక్రం కనిపించింది. ఆ స్కూటరుని అతను ఏడాదిగా కలల్లో చూస్తూనే ఉన్నాడు.

టైము ఎంతయిందో అడుగుదామంటే బాబా బల్ల ఆ చివర ఉన్నారు. ఎవరో రెండున్నర అన్నారు.

అప్పుడు అడుగుల చప్పుడు వినిపించింది. ఒక అడుగు పడుతోంది, ఇంకొకటి ఈడ్చుకొస్తోంది. బల్ల ముందుకొచ్చి ఆగింది. ముత్యాలరావు కప్పు చాపాడు. వంకర చిటికెనవేలున్న చెయ్యి కప్పుని పట్టుకోబోయింది, పట్టలేకపోయింది. మళ్ళీ ప్రయత్నించింది. వేళ్ళు ముడుచుకోవడం లేదు.

"కాళ్ళు పట్టేశాయండీ," అంది రత్నం, గాలి అంత సన్నగా.

బల్ల వెడల్పు మూడడుగులు. ముత్యాలరావు మోకాళ్ళు అప్పటికే బల్లని తోస్తున్నాయి. నేనున్నాను రత్నం అన్న మాట నాలుక చివరే ఉంది. ఒక్క గంతు వేస్తే ఆవిడ మోచెయ్యి అందుతుంది.

అంతలో ఆ రెండు చేతులూ ఒకదాన్నొకటి వెతుక్కుని దగ్గరయ్యాయి. దోసిలి పట్టాయి.

ముత్యాలరావు జగ్గు అందుకున్నాడు. ఆవిడ తల వంచింది. ఉప్పు కట్టిన ముంగురులు, చెమటకి చెదిరిన బొట్టు టోపీ అంచు కిందికి వచ్చాయి. అతని కళ్ళు ఆ నుదుటి మీదికి పోబోయి, వెనక్కి వచ్చి, దోసిలి మీద నిలబడ్డాయి. సన్నటి ధార పోశాడు. ఆవిడ తాగుతున్నంత సేపూ అంతే పోశాడు. దోసిలి వణికితే ధార కూడా దాంతోపాటే కదిలింది.

"ఇంకొంచెం పొయ్యమంటారా అండీ?" అన్నాడు.

దోసిలి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ పట్టింది. మళ్ళీ పోశాడు. చాలన్నట్టు తల ఊపి ఆవిడ నిటారుగా నిలబడింది. చేతులు టోపీ కింద నుంచి మాయమైపోయాయి.

ముత్యాలరావు బల్ల అంచు పట్టుకుని విన్నాడు. ఒక అడుగు, ఒక ఈడ్పు. ఒక అడుగు, ఒక ఈడ్పు. తర్వాత రెండు అడుగులు. తర్వాత వరసగా అడుగులే.

కదలకుండా నిలబడ్డాడు. ఎదురుగా మరో చెయ్యి చాచి ఉంది. దాని వేళ్ళ మధ్య పెన్ను ఉంది. ముత్యాలరావు ఆ చేతికీ నీళ్ళిచ్చాడు.

"థాంక్సండీ," అన్నాడు అధికారి. తాగి, పెన్ను జేబులో పెట్టుకుని స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

మూడు దాటాక రోడ్డు ఖాళీ అయింది. బాబా వచ్చి, మొలలోంచి ఫోన్ తీసి అతని చేతిలో పెట్టారు. ముత్యాలరావు టోపీ ఎత్తి చూశాడు. వెలుతురికి కళ్ళు చెదిరాయి. జాబితాలో రత్నం పేరు ఉంది. పేరు పక్కన గీత దాటిన టైము రెండూ యాభై నాలుగు అని ఉంది. ఇంకేమీ లేదు. ఎర్ర గుర్తు లేదు, కొట్టివేత లేదు. మూడుసార్లు చూశాడు. నెత్తి మీంచి కొండ దిగినట్టయి, అక్కడే ఖాళీ నీళ్ళ డబ్బా మీద కూలబడ్డాడు.

కప్పులన్నీ ఏరి సంచుల్లో కట్టేసరికి రత్నం నడుచుకుంటూ వచ్చింది. బూట్లు చేతిలో ఉన్నాయి. పతకం మెడలో ఉంది. బల్లకి అవతలే నిలబడి మొగుడి వంక ఎగాదిగా చూసింది.

"పద్దెనిమిదేళ్ళు కాపురం చేశాం. ఏనాడైనా నన్ను అండీ అన్నారా?"

"నువ్వని తెలిసే అన్నాను."

"ఏ మొహం పెట్టుకుని అన్నారో చూద్దామంటే ఆ టోపీ ఒకటి." ఆవిడకి నవ్వు ఆగలేదు. "నీళ్ళు మింగుతూ నవ్వాను. పొలమారి చచ్చేదాన్ని. ఆ నవ్వుతోనే కాళ్ళు కదిలాయండీ."

ముత్యాలరావు బల్ల పక్కకి తియ్యకుండానే దాని మీదుగా చెయ్యి చాచి, ఆ వంకర చిటికెనవేలు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

బాబా జగ్గు కడిగి బోర్లించి వచ్చారు. అలవాటు చొప్పున వంగి అతని కాళ్ళ వంక చూశారు. పాదాల మీద మధ్యాహ్నపు దుమ్ము పొడిగా, ఎక్కడిదక్కడే ఉంది.

భుజం మీది తువ్వాలు తీసి అతని చేతికిచ్చారు.

"ఇవాళ మొహం తుడుచుకో," అన్నారు.