సీటొచ్చిన చుక్కన్న

ఇప్పచెట్ల అడవిలో దుప్పులు, అడవిపందులు, కుందేళ్ళు, ముళ్ళపందులు కలిసిమెలిసి ఉండేవి. వాటి పిల్లలన్నిటికీ ఒకటే బడి. ఎలుగుబంటి మాస్టారు పాఠాలు చెప్పేవాడు. ఆ పిల్లల్లో గట్టివాళ్ళను చూసి కొండమీది పెద్దబడి సీటిచ్చేది. అక్కడ చదివి వచ్చినవాళ్ళే మందలకు కాపలాదారులు.

దుప్పుల మందకు అలాంటి కాపలాదారు ఒక్కడూ లేడు. పోయిన వేసవిలో రేచుకుక్కలు వచ్చి మందలో ఇద్దరిని పొట్టన పెట్టుకున్నాయి. అందుకే ఆఖరి ఏడాది సగంలో ఉండగానే చుక్కన్న అనే దుప్పిపిల్లకు సీటొచ్చిందని పాలపిట్ట కబురు తెచ్చేసరికి, వాళ్ళమ్మ అడవంతా ఇప్పపూలు పంచింది. అడవిపంది పిల్ల ముట్టెమ్మకూ సీటొచ్చింది.

మర్నాడు చుక్కన్న ఏం చేశాడో తెలుసా? చెబితే నమ్మరు!

"మాస్టారూ, ఇక నాకు గాలివాసన పాఠం వద్దు. ఈత కూడా వద్దు. ఆకుల రుచి పాఠం ఒక్కటి చాలు," అన్నాడు.

మాస్టారు నోట్లో తేనె నోట్లోనే ఉండిపోయింది. "ఒరేయ్, గాలిలో శత్రువు వాసన ఇట్టే పసిగడతావనే కదరా నీకు సీటిచ్చింది!"

"ఇచ్చేశారుగా మాస్టారూ! ఇచ్చిన సీటు మళ్ళీ లాక్కుంటారా ఏమిటి?"

బడి బడంతా ముక్కున వేలేసుకుంది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను చూశాం గానీ, ఏటి మధ్యలోనే తగలేసేవాణ్ణి ఎక్కడైనా చూశామా!

ముట్టెమ్మకూ చదువు బరువుగానే ఉంది. పాపం, ముందుకాలు బెణికింది. గెంతుల పాఠమంటే ప్రాణం మీదికొచ్చేది. కానీ తనంతట తాను మానలేదు. "మాస్టారూ, ఇదొక్కటీ వదిలేయవచ్చో లేదో పెద్దబడి వాళ్ళను కనుక్కోండి," అంది. పాలపిట్ట వెళ్ళి అడిగొచ్చింది. "అదొక్కటీ మానేయవచ్చట. మిగతావి మాత్రం వదలొద్దన్నారు."

"దీనికి కూడా అడగాలా, పిచ్చిమొహమా!" అని చుక్కన్న పగలబడి నవ్వాడు. ఏడాది చివరిదాకా నీడన పడుకుని చిగుళ్ళు మేశాడు.

చేరే రోజు రానే వచ్చింది. చుక్కన్న వాళ్ళమ్మతో కలిసి కొండెక్కాడు. పెద్దబడి వాకిట్లో ముసలి ఏనుగు పెద్దమ్మ నిలబడి ఉంది.

"రా నాయనా. గాలివాసన బాగా పడతావని విన్నాం. గాలి నీ వెనకనుంచే వీస్తోంది. అందులో ఏముందో చెప్పు."

చుక్కన్న ముక్కు ఎగబీల్చాడు. "ఇప్పపూలండీ."

"ఇంకేం లేదా?"

"లేదండీ."

వెనక పొద కదిలింది. బాబోయ్! రేచుకుక్క! చుక్కన్న తోకను తాకేంత దగ్గర! అమ్మ కెవ్వుమంది. చుక్కన్న గెంతి అమ్మ వెనక దాక్కున్నాడు.

"భయపడకండి. ఇది మా బడిలోదే. పరీక్ష కోసం పెట్టాం," అంది పెద్దమ్మ. "ఇందాక ముట్టెమ్మ దారి మలుపులోనే దీని వాసన పట్టేసి లోపలికి వెళ్ళింది."

"మరి మావాడి సీటండీ?" అంది అమ్మ.

"లేదమ్మా. చదువుతున్నవాడని ఇచ్చాం. పాఠం మానేశాడని వాడి ముక్కే చెప్పింది. మానేసినవాడికి ఎలా ఇస్తాం?"

ఇచ్చిన సీటు పోతుందని చుక్కన్న కలలో కూడా అనుకోలేదు మరి!

ఇద్దరూ కొండ దిగారు. మంద కనిపించాక అమ్మ ఆగి అడిగింది. "ఈ వేసవికి మనకు కాపలా ఎవర్రా?"

చుక్కన్నకు ఏడుపు ముంచుకొచ్చింది. అటునుంచి అటే బడికి పరుగెత్తాడు. అక్కడ తనకంటే చిన్నపిల్లలు కూర్చుని ఉన్నారు.

"మాస్టారూ, గాలివాసన పాఠం ఎక్కడిదాకా వచ్చింది?"

"నీకా? నువ్వు వదిలేసిన చోటే ఉందిరా. కూర్చో."

నీతి: సీటు వచ్చిందని చదువు మానకూడదు. బరువు దించుకోవాలంటే, ఇచ్చినవాళ్ళను ముందు అడగాలి.