అవతలి రేవులో తెల్లగుడ్డ

సుభద్రమ్మ పంతులమ్మగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "పదండి, అలా వెళ్ళొద్దాం" అనేవారు. తల నెరిసిన మాచేత ఓపిగ్గా అక్షరాలు దిద్దించిన తల్లి ఆవిడ. ఆ చెయ్యి పట్టుకుంది కాబట్టే ఈ నాలుగు ముక్కలూ రాయగలుగుతున్నాను.

మాతోపాటు పలక పట్టిన నూకరత్నం మా లంకకు సర్పంచి అయింది. ఒకనాడు దిగులుగా వచ్చి కూర్చుంది. చుట్టూ గోదావరి ఉన్న ఊరు మాది. పంచాయతీ పడవే దారి. పడవవాడి జీతం ఇంటిపన్నులోంచి పోయేది. అవతలి రేవులో తెల్లగుడ్డ ఊగితే, ఉన్నది ఒక్క మనిషైనా సరే, పడవ వెళ్ళి తీరాలి. అది పెద్దల నాటి ఆనవాయితీ. పడవ ఎక్కనివాళ్ళం మేమెందుకు కట్టాలని కొందరు పేచీ పెట్టారు. అందుకని ఆ వారం ఎక్కినవాళ్ళ దగ్గరే రుసుము తీసుకుని, అందులోంచే పడవవాడికిచ్చి చూస్తున్నారు. మర్నాడు సభలో ఏదో ఒకటి ఖాయం చెయ్యాలి. ఏది న్యాయమండీ అని అడిగింది.

పంతులమ్మగారు చెప్పులు తొడుక్కున్నారు. మేమూ వెంట నడిచాం.

రేవులో సూరప్పగారు కూర్చుని ఉన్నారు. పేచీ మొదలుపెట్టింది ఆయనే. చక్కెర జబ్బు వల్ల కాలికి పుండు పడి, ఏరు దాటి ఏళ్ళయింది. ప్రతి మంగళవారం అవతల నుంచి నర్సమ్మ వచ్చి కట్టు మారుస్తుంది. ఒక్కవారం తప్పినా కాలు దక్కదని డాక్టరు చెప్పాడు. అయినా పడవ నడిపే సత్తెయ్యను నాలుగు మాటలంటేనే గానీ ఆయనకు పొద్దుపోదు.

అవతల తెల్లగుడ్డ ఊగింది. సత్తెయ్య గెడ అందుకోబోయాడు.

"ఒరేయ్, ఒక్క మనిషి కోసం పడవ కదుపుతావా? ఆ రుసుము నీ చుట్టకైనా చాలుతుందా? నిండాక వెళ్దువుగాని, కూర్చో," అన్నారు సూరప్పగారు.

సత్తెయ్య నవ్వి గెడ కింద పెట్టాడు. గుడ్డ ఇంకాసేపు ఊగి ఆగింది. ఆ మనిషి సంచీ భుజాన వేసుకుని గట్టు ఎక్కసాగింది. ఇంతలో సూరప్పగారు, మంగళవారం కదా, నర్సమ్మ ఇంకా రాలేదేమని గొణుక్కున్నారు.

"మీకు చూపు ఆనదు సూరప్పగారూ. ఆ వెళ్ళిపోతున్నది ఆవిడే," అన్నారు పంతులమ్మగారు మెల్లిగా.

ఆయన కుంటుకుంటూ లేచి, భుజం మీది తుండు తీసి, నీళ్ళలోకి దిగేదాకా వెళ్ళి ఊపారు. చాలాసేపు ఊపారు. ఏ పుణ్యానో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. అప్పటికే సత్తెయ్య గెడ వేశాడు.

ఆ రేవులోనే కట్టు మారింది. పుండు మానుముఖం పట్టిందని నర్సమ్మ అంది. సూరప్పగారు ఆవిడకు చేతులెత్తి దండం పెట్టారు. తరవాత సత్తెయ్యకూ పెట్టారు. వాడు సిగ్గుపడి మొహం తిప్పుకున్నాడు.

తిరిగి వస్తుంటే నూకరత్నం, అయితే రుసుమనేదే వద్దా అని అడిగింది.

దారి పక్కన, పట్నం వ్యాపారి పడవకెక్కించడానికి పేర్పించిన అరటిగెలలు కొండలా ఉన్నాయి. పంతులమ్మగారు వాటికేసి ఒకసారి చూశారు.

"గెలలు ఎక్కించేవాళ్ళని అడుగు, రత్నం. గుడ్డ ఊపేవాళ్ళని అడక్కు."