గోరింకకి జరిగిన సన్మానం

అనగనగా ఒక అడవి ఉండేది పిల్లలూ. దానికి చిరుతపులి రాజు. ఆ అడవిలో రాజుగారు ఒప్పుకున్న మాటలే వాడాలి. ఆకలితో పడుకుంటే దీక్ష అనాలి. భయంతో వణికితే భక్తి అనాలి. వారానికొకరిని రాజు పిలిచి, మెడలో అడవిమల్లె దండ వేసి, గుహలోకి తీసుకెళ్ళి తినేసేవాడు. దాన్ని మాత్రం సన్మానం అనాలి. అందరూ చప్పట్లు కొట్టాలి. సన్మానం చేస్తామంటే ఎవరైనా పారిపోతారా? అందుకే ఎవరూ పారిపోలేదు.

అక్కడ ఒక గోరింక ఉండేది. రోజూ సాయంత్రం వాగు ఒడ్డున కథలు చెప్పేది. మంచి గొంతని పేరు. ఇంతలో ఎక్కడినుంచో ఒక ముళ్ళపంది వచ్చి తానూ కథలు మొదలుపెట్టింది. దానిదేమో కీచుగొంతు. అయినా కుందేళ్ళూ దుప్పులూ ఉడుతలూ అటే వెళ్ళి కూర్చున్నాయి. గోరింకకి ఒళ్ళు మండిపోయింది.

మొదటి రోజు గోరింక రాగం తీసి కథ చెప్పింది. ఒక్కరూ ఇటు తిరగలేదు. రెండో రోజు రాజుగారి మీసాల మీద కథ కట్టింది. ఒక్క కప్ప మాత్రం కాసేపు విని, ఆవులించి వెళ్ళిపోయింది. మూడో రోజు ఉండబట్టలేక, చాటుగా ముళ్ళపంది కథ వినడానికి వెళ్ళింది.

అది చీమల కథ.

"ఆ పుట్టలో రాణిగారి గొప్పతనానికి ఇరవై మాటలు ఉండేవి," అంటోంది ముళ్ళపంది. "అలసటకి ఒక్క మాటా లేదు. పనిలో కాలు విరిగి చీమ పడిపోతే, 'వీడికి సెలవు దొరికింది' అని ఈడ్చి అవతల పారేసేవాళ్ళు."

ముందు అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే నవ్వు ఆపేశారు. ముసలి దుప్పి తల దించుకుంది.

'ఏముంది ఇందులో? పాటా లేదు, పద్యమూ లేదు!' అనుకుంది గోరింక. ఆలోచించగా ఆలోచించగా విషయం తెలిసింది. తెలిశాక కుళ్ళు రెట్టింపైంది. ఇంత మంచి కథ తనకెందుకు తట్టలేదు?

మర్నాడు నిండు సభలో రాజు ముందు వాలింది.

"మహాప్రభూ, ముళ్ళపంది మిమ్మల్ని తిడుతోంది!"

"నా పేరెత్తిందా?" అన్నాడు రాజు.

"లేదు ప్రభూ."

"ఈ అడవి పేరెత్తిందా?"

"లేదు ప్రభూ. చీమల కథ చెప్పింది."

"మరి తిట్టెక్కడుంది? అందరికీ తెలిసేలా విడమరిచి చెప్పు."

సభంతా గోరింకనే చూస్తోంది. ఎన్నాళ్ళకి! గోరింక ఛాతీ విరుచుకుంది.

"ఆ చీమలంటే మేమే ప్రభూ! అక్కడ సెలవు, ఇక్కడ సన్మానం. సన్మానమంటే మీరు మమ్మల్ని చంపి తినడమేగా!"

రాజు నెమ్మదిగా నవ్వాడు.

"ముళ్ళపంది చీమల సంగతి చెప్పింది. నా సంగతి చెప్పింది నువ్వు. ఇంత తెలివైనదానికి సన్మానం చేయాల్సిందే."

దండ మెడలో పడింది. చప్పట్లు మోగాయి. "అభినందనలు గోరింక వదినా!" అన్నాయి కుందేళ్ళు. చెబితే నమ్మరు పిల్లలూ, ఆ చప్పట్లకి గోరింక పొంగిపోయింది. వాటికోసమే కదా ఇన్నాళ్ళూ మొహం వాచిపోయింది! సభలో ఓ మూలనున్న ముళ్ళపంది కుళ్ళుకుంటోందో లేదో చూద్దామని ఓరగా చూసింది.

ముళ్ళపంది కళ్ళనిండా నీళ్ళు.

"పిచ్చిదానా, నిన్ను చంపబోతున్నాడు! ఎగిరిపో!" అని అరిచింది.

చంపడం అనే మాట ఇందాక గోరింకే అంది. అది తన ప్రాణం సంగతని ఇప్పుడే తెలిసింది. ఒక్క ఊపున ఎగిరి చెట్టెక్కింది. "చంపబోతున్నాడట!" అంది ఒక కుందేలు. "మనల్నీ చంపుతాడు!" అంది దుప్పి. అంతే, సభంతా లేచి వాగు వైపు పరుగు తీసింది. రాజు కోపంతో ముళ్ళపంది మీద దూకాడు. పంజా నిండా ముళ్ళు దిగబడి లబోదిబోమన్నాడు. ఆ సందులో ముళ్ళపందీ వాగు దాటేసింది.

వాగు అవతల గోరింక సిగ్గుపడుతూ ముళ్ళపంది పక్కన వాలింది.

"అక్కా, నీ మీద చాడీలు చెప్పినదాన్ని. నన్నెందుకు కాపాడావు?"

"నువ్వు చస్తుంటే చప్పట్లు కొట్టడం నాకు చేతకాలేదు చెల్లీ," అంది ముళ్ళపంది.

నీతి: చంపడానికి అందమైన పేరు పెట్టిన చోట, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్ళే మనవాళ్ళు. అసూయతో వాళ్ళని పట్టిస్తే, మనల్ని కాపాడేవాళ్ళనే పోగొట్టుకుంటాం.